సబ్‌వూఫర్ మూగబోయిందా? రిపేర్ చేయించాలా, కొత్తది కొనాలా తేల్చుకోవడం ఎలా

సబ్‌వూఫర్ పోగానే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. పాతదైపోయింది, తీసిపారేసి సౌండ్‌బార్ కొనేద్దాం అని ఒకరంటారు. ఏదో చిన్న పార్టు పోయి ఉంటుంది, దానికోసం వేలకు వేలు తగలేస్తారా అని ఇంకొకరంటారు. ఏం పోయిందో తెలియకుండా పెట్టుకున్న ఈ పంచాయితీ ఎన్నాళ్లైనా తెగదు. సబ్‌వూఫర్ అంటే ఒక చెక్క డబ్బా, దాంట్లో ఒక వూఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకరు), దాన్ని నడిపే ఒక ఆంప్లిఫయర్ బోర్డు, అంతే. మూడూ ఒకేసారి పోవడం అరుదు. పోయిన ముక్క ఏది, అది దొరుకుతుందా, ఆ ఒక్కదానికి ఎంతవుతుంది అన్నది కనుక్కుంటే సగం పని అయిపోయినట్టే. అయితే దీనికంటే ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది, చాలామంది వదిలేసేది అదే.

మొదట, మీది ఏ రకం సెట్టో చూడండి

డబ్బాను వెనక్కి తిప్పి వైర్లు గమనించండి.

విడిగా ఆడియో-వీడియో (ఏవీ) రిసీవర్, అంటే స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె, ఉండి, సబ్‌వూఫర్‌కి సొంత కరెంటు ప్లగ్గు ఉండి, రిసీవర్ నుంచి దానికి ఒకే ఒక్క ఆర్‌సీఏ వైరు (మధ్యలో ఒక్క పిన్ను ఉండే గుండ్రటి జాక్‌ది) వస్తుంటే మీకు పెద్ద టెన్షన్ లేదు. ఆ జాగాలో ఏ కంపెనీ పవర్డ్ సబ్‌వూఫర్ (సొంత ఆంప్లిఫయర్ ఉన్నది) తెచ్చి పెట్టినా పనిచేస్తుంది, సెకండ్ హ్యాండ్‌దైనా సరే. రిపేర్ ఖర్చు ఎక్కువ చెబితే నిశ్చింతగా వద్దనొచ్చు.

మన ఇళ్లల్లో ఎక్కువగా కనిపించే 2.1, 5.1 మల్టీమీడియా సెట్లు అలా కాదు. చిన్న స్పీకర్ల వైర్లన్నీ సబ్‌వూఫర్ వెనకాలే గుచ్చి ఉంటాయి; బ్లూటూత్, రిమోట్ సెన్సర్, ఎఫ్‌ఎం, అన్ని స్పీకర్ల ఆంప్లిఫయర్ కూడా ఆ డబ్బాలోనే. అది పోతే సెట్టంతా పోయినట్టే, సబ్‌వూఫర్ ఒక్కటే ఇవ్వండి అంటే షాపులో ఉండదు. కానీ లోపలి సరుకు మాత్రం చాలా మామూలుది. ఒక ట్రాన్స్‌ఫార్మరు, కొన్ని కెపాసిటర్లు, టీడీఏ2030 లాంటి ఆంప్లిఫయర్ ఐసీలు (చిప్పులు), టీవీలు బాగుచేసే ఏ మెకానిక్‌కైనా చేతి కింద ఉండేవే. వీటిని రిపేర్ చేయించకుండా పారేయడం నాకు అస్సలు నచ్చదు.

డీవీడీ రోజుల నాటి హోమ్ థియేటర్లలో చాలావాటికి సబ్‌వూఫర్‌కి కరెంటు వైరే ఉండదు. ఆంప్లిఫయర్ మెయిన్ యూనిట్‌లో ఉంటుంది, సబ్‌వూఫర్ ఉత్త స్పీకరు మాత్రమే. మెయిన్ యూనిట్ డిస్‌ప్లే మీద ప్రొటెక్ట్ అని చూపిస్తూ ఆగిపోతుంటే, స్పీకర్ వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి ఆన్ చేసి చూడండి, ఏది తీసినప్పుడు ఆగకుండా నడిస్తే తప్పు అక్కడే ఉంది. చాలాసార్లు సోఫా కింద నలిగి రెండు తీగలు కలిసిపోయిన వైరే దొరుకుతుంది.

ఇక సౌండ్‌బార్‌తో వచ్చిన వైర్‌లెస్ సబ్‌వూఫర్, అన్నిటికంటే ఇరకాటమైనది ఇదే. ఆ బార్‌తో దాని జోడీయే కలుస్తుంది, వేరే కంపెనీది తెస్తే కలవదు. బార్ బాగున్నప్పుడు సబ్‌వూఫర్ రిపేర్‌కి కాస్త ఎక్కువైనా పెట్టడమే మేలు, ఎందుకంటే దాన్ని వదిలేస్తే బార్‌ని కూడా సగం వదిలేసినట్టే.

రెండోది, నిజంగా పోయిందా?

రిసీవర్ ఉన్నవాళ్లు ముందు సెట్టింగుల్లోకి వెళ్లండి. పిల్లలు రిమోట్‌తో ఆడి సబ్‌వూఫర్‌ని "నో" చేసి ఉండొచ్చు. ముందువైపు స్పీకర్లు "లార్జ్" అని ఉంటే మామూలు స్టీరియో పాటల బేస్ అంతా వాటికే పోతుంది, సబ్‌వూఫర్‌కి ఏమీ మిగలదు. "స్మాల్" పెట్టి క్రాసోవర్ (ఏ హద్దు కింది శబ్దం సబ్‌వూఫర్‌కి పోవాలో చెప్పే సెట్టింగు) 80 హెర్ట్జ్ దగ్గర ఉంచి, రిసీవర్‌లోనే ఉండే టెస్ట్ టోన్‌తో చూడండి. న్యూస్ చానల్ పెట్టుకుని బేస్ రావట్లేదంటే అది మాత్రం ఏం చేస్తుంది పాపం.

వెనకాల ఆటో అనే స్విచ్ ఉంటే దాన్ని ఆన్ వైపు మార్చండి. రాత్రిపూట సౌండ్ బాగా తగ్గించి చూసే ఇళ్లల్లో, వచ్చే సిగ్నల్ చాలక సబ్‌వూఫర్ నిద్రలోనే ఉండిపోతుంది. వైర్‌లెస్‌దైతే లైటు ఆగకుండా మిణుకుమంటోందేమో చూడండి, సాధారణంగా దానర్థం అది బార్ కోసం వెతుకుతోందని. కరెంటు పోయి వచ్చాక ఇలా జోడీ తెగడం మామూలే. రెంటి ప్లగ్గులూ తీసి కాసేపాగి పెట్టి, మాన్యువల్‌లో చెప్పినట్టు పెయిరింగ్ బటన్ నొక్కిపట్టుకుంటే చాలావరకు కలిసిపోతాయి.

ఆర్‌సీఏ వైరు ఉన్నవాళ్లకి ఒక పాత చిట్కా. సబ్‌వూఫర్ వాల్యూమ్ బాగా తగ్గించి, వైరుని రిసీవర్ వైపు ఊడదీసి, ఆ పిన్ను మధ్య మొనని వేలితో తాకండి. గుర్రుమని శబ్దం వస్తే సబ్‌వూఫరూ వైరూ రెండూ బతికే ఉన్నాయి, తేడా రిసీవర్ దగ్గరుంది. రాకపోతే వైరు మార్చి ఇంకోసారి చూడండి.

హమ్మింగ్ సంగతి వేరు. ఆ ఆర్‌సీఏ వైరు ఊడదీయగానే గుయ్‌మనే శబ్దం ఆగిపోతే బోర్డు బాగున్నట్టే, గొడవ ఎర్తింగ్‌ది. కేబుల్ టీవీ వైరు సెట్‌టాప్ బాక్స్ నుంచి తీసి చూడండి, చాలా ఇళ్లల్లో దొంగ అక్కడే దొరుకుతాడు. ఎర్త్ పిన్ను విరిచేసి హమ్ పోగొట్టామని సంబరపడేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, షాక్ కొట్టేది మిమ్మల్నే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే గుయ్‌మంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మహిమ కావచ్చు, దానికి సబ్‌వూఫర్‌ని మోసుకుని షాపుకి వెళ్లక్కర్లేదు.

మూడోది, ఏ ముక్క పోయింది?

లైటే వెలగట్లేదంటే ముందు ఫ్యూజ్. ప్లగ్గు తీసేశాక, వెనకాల నల్లటి చిన్న మూత తిప్పితేనో, కరెంటు వైరు గుచ్చే సాకెట్ కింద చిన్న అర లాగితేనో గాజు ఫ్యూజ్ వస్తుంది. లోపలి తీగ తెగి ఉందా, లేక గాజంతా నల్లగా మసిబారిందా చూడండి. ఊరికే తెగితే అదే నంబరుది, ముందు టీ అనే అక్షరం ఉంటే అదీ కలిసేలా కొత్తది వేయండి, కొన్నిసార్లు అంతటితో సరిపోతుంది. మసిబారితే లోపల షార్ట్ అయిందని అర్థం, కొత్త ఫ్యూజ్ వేసినా టప్పున కొట్టేస్తుంది. అప్పుడు పెద్ద ఫ్యూజో, సిగరెట్ పెట్టెలోని వెండికాగితమో పెట్టకండి, ఐదు పది రూపాయల్లో పోయేది బోర్డు దాకా వెళ్తుంది.

ఫ్యూజ్ కొట్టేయడానికి మన దగ్గర ఒక ప్రత్యేకమైన కారణం ఉంది, బల్లి. బేస్ గాలి బయటికొచ్చే గొట్టంలోంచి లోపలికి దూరి, వెచ్చగా ఉంటుందని బోర్డు మీద పడుకుని, రెండు పాయింట్ల మధ్య అతుక్కుని చస్తుంది. విప్పి చూస్తే ఎండిపోయిన బల్లి, దాని పక్కన పేలిన పార్టూ కనిపిస్తాయి. ఇలాంటిది కంగారుపడాల్సిన కేసు కాదు, శుభ్రం చేసి ఒకటి రెండు పార్టులు మారిస్తే చాలావరకు లేస్తుంది. పిడుగు పడిన రోజు పోయిందంటే మాత్రం బోర్డు మీద ఎంతదూరం దెబ్బ తగిలిందో ముందే చెప్పడం కష్టం.

లైటు వెలుగుతోంది, ఆర్‌సీఏ తీసేసినా గుయ్‌మంటోంది అంటే పవర్ సప్లై కెపాసిటర్ల వైపు చూడాలి. పెద్ద పెద్ద స్థూపాల్లాంటివి, 2200, 4700 అని అంకెలు ఉంటాయి. పైభాగం చదునుగా ఉండాలి, ఉబ్బినా, కింద జిగురులాంటిది కారినా అయిపోయినట్టే. వేడికి ఏళ్ల తరబడి ఎండి ఇలా అవుతాయి. వీటిని మార్చడం చవకలో చవక పని, దీనికోసం సెట్టు మార్చేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు.

ఇప్పుడు వూఫర్. ప్లగ్గు తీసి, కోన్ (వూఫర్‌లో కదిలే గరాటు లాంటి భాగం) మీద రెండు వైపులా వేళ్లు పెట్టి సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. చప్పుడు లేకుండా వెళ్లి రావాలి. గరగరమని రాసుకుంటుంటే కాయిల్ (కోన్ వెనకాలి తీగచుట్ట) కాలి ఉబ్బిందనో, పక్కకి జరిగిందనో అర్థం. దగ్గరికెళ్తే కాలిన వాసన కూడా వస్తుంది. మల్టీమీటర్ ఉంటే వూఫర్ వైర్లు బోర్డు నుంచి ఊడదీసి ఓమ్స్ చూడండి. 4 ఓమ్స్ వూఫర్‌కి మీటర్ మీద 3 పైన, 8 ఓమ్స్‌కి 6 చుట్టుపక్కల వస్తే బాగున్నట్టు. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది, సున్నా దగ్గరుంటే షార్ట్. మీటర్ లేనివాళ్లు గోడగడియారంలోని ఒక్క సెల్లు తీసి, ఆ రెండు వైర్లకి ఒక్క క్షణం తాకించి తీయండి, కోన్ టప్పుమని కదలాలి. మధ్యలో ఉండే గుండ్రటి టోపీని పిల్లలు నొక్కి సొట్ట పెట్టడం అసలు జబ్బే కాదు, చూడ్డానికి బాగోదంతే. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు పదేళ్లు దాటాక పొడిపొడిగా రాలిపోవచ్చు, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లల్లో ఇంకాస్త తొందరగా. కాయిల్ బాగుంటే ఆ రింగు ఒక్కటీ మార్పించొచ్చు. రబ్బరు అంచుకి ఈ బాధ తక్కువ.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఆన్ చేయగానే కోన్ ముందుకో వెనక్కో దూకి అక్కడే బిగుసుకుపోతే వెంటనే ప్లగ్గు తీసేయండి. ఆంప్లిఫయర్ పోయి నేరుగా డీసీ కరెంటు వూఫర్‌కి పంపుతోందని అర్థం, అలా వదిలేస్తే కాయిల్ మాడిపోతుంది. కాలిన వూఫర్ మార్చిన పది నిమిషాలకే కొత్తది కూడా కాలిందనే గొడవలు షాపుల్లో ఇందుకే జరుగుతుంటాయి. కాలిన వూఫర్ కనిపిస్తే బోర్డు కూడా చెక్ చేయమని గట్టిగా చెప్పండి.

డబ్బా సంగతి ఒక్క ముక్కలో: తడిగుడ్డ పెట్టి పెట్టి కింద ఎండీఎఫ్ చెక్క ఉబ్బి పొరలు లేచినా, చెదపట్టినా, ఇక దాని మీద డబ్బు పెట్టకండి.

బోర్డు వైపు చేతులు పెట్టే అలవాటు లేనివాళ్లు ఫ్యూజ్ దగ్గరే ఆగిపోండి. ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై) ఉన్నవాటిలో పెద్ద కెపాసిటర్ 300 వోల్టులకు పైన పట్టుకుని ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు.

నాలుగోది, ఎవరికి ఇవ్వాలి, ఏం అడగాలి

వారంటీ ఉంటే పైన చెప్పినవేవీ విప్పకుండా కంపెనీ సర్వీసుకే. వారంటీ దాటితే వాళ్లు చాలావరకు పార్టు మార్చరు, బోర్డు మొత్తం మారుస్తామంటారు, అందుకే అంకె పెద్దదిగా ఉంటుంది. అదే బోర్డు మీద ఐసీ మార్చేవాళ్లు బయట ఉంటారు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. వూఫర్ కాయిల్ పనికి మాత్రం టీవీ మెకానిక్ కంటే పెళ్లిళ్లకీ జాతరలకీ మైకుసెట్లు కట్టేవాళ్లని అడగండి. వాళ్ల స్పీకర్లు సీజన్‌కి ఒకసారి కాలుతూనే ఉంటాయి కాబట్టి రీకోనింగ్ (కోన్, కాయిల్ కొత్తవి వేయడం) బాగా చేసేవాడు ఎవడో వాళ్లకే తెలుసు.

మల్టీమీడియా సెట్టయితే ఒక చిన్న స్పీకరు, రిమోటు కూడా తీసుకెళ్లండి, లేకపోతే అన్ని చానళ్లూ చూడకుండానే అయిపోయిందంటారు. ముందు సిరీస్ బల్బు మీద (కరెంటు నేరుగా కాకుండా ఒక బల్బు గుండా ఇచ్చి) పెట్టి చూసే మెకానిక్ కనిపిస్తే సంతోషించండి, పని తెలిసినవాడు. చెక్ చేసినందుకు ఎంత, ఏ పార్టు మారుస్తావు, పాత పార్టు వెనక్కి ఇస్తావా, ఎన్ని నెలలు గ్యారంటీ అని ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. "బోర్డు పోయిందండీ" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఇంకో షాపులో చూపించండి.

బోర్డు నిజంగానే లేవనప్పుడు మూడో దారి ఒకటుంది. వూఫర్, డబ్బా బాగుంటే టీపీఏ3116 లాంటి చిప్ ఉన్న రెడీమేడ్ సబ్‌వూఫర్ బోర్డు, దానికి సరిపడా అడాప్టర్ వేసి నడిపించొచ్చు. సౌండ్‌బార్ సబ్‌వూఫర్‌కి మాత్రం ఇది కుదరదు, వైర్‌లెస్ రిసీవర్ పోతుంది.

ఐదోది, లెక్క

అప్పట్లో ఎంతకు కొన్నారన్నది మర్చిపోండి. అలాంటి సెట్టు ఇవాళ ఎంతకొస్తుందో అదే మీ కొలత. రిపేర్ దాంట్లో మూడో వంతు లోపు ఉంటే నేనైతే ఆలోచించను, చేయించేస్తాను. సగం దాటితే వద్దంటాను, వైర్‌లెస్ జోడీ సబ్‌వూఫర్ తప్ప. మధ్యలో ఉంటే ఏం పోయిందన్నది చూడండి: వూఫర్ అయితే సరే, మళ్లీ ఏళ్ల పాటు నడుస్తుంది, అదే బోర్డుకి ఇది రెండోసారి రిపేర్ అయితే చాలించండి. ఒకే సైజు వూఫర్ అని తెచ్చేయకుండా ఓమ్స్ కలవాలని కూడా గుర్తుంచుకోండి. బోర్డుకి చెప్పిన దానికంటే తక్కువ ఓమ్స్‌ది తగిలిస్తే ఐసీ వేడెక్కి పోతుంది.

కొనడానికే మొగ్గితే పెట్టె మీద పీఎంపీఓ అని రాసిన వేల వాట్లు చూసి మురిసిపోకండి, అది అమ్ముకోవడానికి వేసే అంకె. ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే అసలు వాట్లు, ఎంతో చూడండి. సెకండ్ హ్యాండ్ సబ్‌వూఫర్ అయితే అమ్మేవాళ్ల ఇంట్లోనే కాసేపు కాస్త గట్టిగా మోగించి, కోన్ నొక్కి, వెనకాల వేడి చూసి తెచ్చుకోండి. పాతదాన్ని తూకానికి ఇచ్చేముందు వూఫర్ ఓమ్స్ బాగా చూపిస్తుంటే నాలుగు స్క్రూలు తీసి అది ఒక్కటీ ఉంచుకోండి, మీకు కాకపోయినా ఆ మెకానిక్‌కే పనికొస్తుంది, చెకింగ్ చార్జీ మాఫీ చేయించుకోవచ్చు.