నెల ఫీజు బదులు ఒక్క గంట

ఏళ్ల తరబడి సొంతంగా గిటార్ వాయిస్తున్నా, క్లాసులో చేరితే మళ్లీ మొదటి పాఠం నుంచే, నెల ఫీజు ముందే! బెంగళూరులో మారతహళ్లి వైపు ఉండేవారికి ట్రాఫిక్ అదనం. నెల క్లాసు కాకుండా విడిగా ఒక్క గంట ఇస్తారేమో గిటార్ మాస్టారిని అడగండి. ముందురోజు మెట్రోనోమ్ (టిక్ టిక్ మంటూ లయ చెప్పే పరికరం లేదా యాప్) నిమిషానికి 60 దెబ్బల వేగంలో పెట్టి, తడబడే ముక్కను రెండు నిమిషాలు వీడియో తీయండి. ఒకసారి గిటార్ మెడ వెనకున్న బొటనవేలు, ఇంకోసారి కుడి మణికట్టు కనిపించాలి. అది చూపించి, "ఎఫ్ బార్ కార్డ్ (చూపుడు వేలితో తీగలన్నీ ఒకేసారి నొక్కే పట్టు) పట్టినప్పుడు తీగ ఎందుకు జరజరమంటోంది?" లాంటి ప్రశ్నలు మూడే అడగండి. ఆయన సరిచేసిన తీరును అక్కడే వీడియో తీసుకోండి, ఇంటికొచ్చేసరికి సగం గుర్తుండదు. నొటేషన్ (రాసి ఉన్న స్వరాలు) చూసి వాయించడం నేర్చుకోవాలన్నా, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సంగీతం గ్రేడ్ పరీక్షలకు కూర్చోవాలన్నా ఇది చాలదు. క్రమం తప్పకుండా క్లాసులకు వెళ్లాల్సిందే.