ఇంట్లోనే గిటార్ – 7వ పాఠం: ఫ్రెట్‌బోర్డుకు గాడులు కోయడం

కిందటి పాఠంతో మెడ తయారైంది. ఈసారి దాని మీద పరిచే ఫ్రెట్‌బోర్డు పని, అంటే ఫ్రెట్లనే లోహపు మెట్లు కూర్చునే పలక. దాన్ని అప్పుడే మెడకు అతికించకండి, పక్కలు వాలుగా చెక్కకండి. క్లాసికల్ గిటార్‌లో నట్ (తల వైపు తీగలు ఆనే పట్టీ) దగ్గర 52 మి.మీ., 12వ ఫ్రెట్టు దగ్గర 62 మి.మీ. వెడల్పు రావాలి కదా, ఆ వాలు తీశాక మూలమట్టం ఆనించడానికి నేరైన అంచు మిగలదు. పలక దీర్ఘచతురస్రంగా ఉండగానే గాడులన్నీ పూర్తి కావాలి.

వీణ చేసేవాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. 24 మెట్లూ మైనంలో కూర్చుంటాయి కాబట్టి చెవితో వింటూ సర్దుకోవచ్చు. గిటార్‌లో గాడి ఒకసారి పడిందంటే శ్రుతి అక్కడే ఖాయమైపోతుంది. అందుకే ఒక సాయంత్రం గీతలకే కేటాయించండి. రంపం మర్నాడు పట్టుకోవచ్చు.

చెక్క 460 మి.మీ. పొడవు, 66 వెడల్పు, 7 మందం ఉండాలి. చిత్రిక పట్టి మందాన్ని 6కు దించండి. ఎబొనీ మన బీడీ ఆకుల తునికి చెట్టు జాతిదే, చూడ్డానికి నల్లగా బాగుంటుంది. కానీ సరిగా ఆరని ఎబొనీ వేసవిలో అడ్డంగా కుంచించుకుపోతుంది, ఫ్రెట్ల కొనలు బయటికి పొడుచుకొచ్చి చేతికి గుచ్చుకుంటాయి. మొదటి గిటార్‌కు ఇరుగుడు, అంటే రోజ్‌వుడ్డే మేలు. దాని పొడి ముక్కుకీ చర్మానికీ పడదు కాబట్టి మాస్కు తప్పనిసరి.

లెక్క చిన్నదే. తీగ పొడవు, అంటే నట్ నుంచి తీగల రెండో కొన ఆనే బ్రిడ్జి దాకా, 650 మి.మీ. దాన్ని 17.817తో భాగిస్తే 36.48 వస్తుంది, మొదటి ఫ్రెట్టు నట్ నుంచి అంత దూరంలో ఉంటుంది. మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగిస్తే రెండోది, అలా ముందుకు వెళ్లాలి. పాతకాలంలో 18తో భాగించేవారు. గెలీలియో తండ్రి విన్‌చెంజో గెలీలీ 1581లో ల్యూట్‌కు చెప్పిన పద్ధతి అది. అలా చేస్తే 12వ ఫ్రెట్టు 325 దగ్గర కాకుండా 322.6 దగ్గర పడుతుంది.

నట్ నుంచి దూరాలు, మిల్లీమీటర్లలో:

1 – 36.5, 2 – 70.9, 3 – 103.4, 4 – 134.1, 5 – 163.1, 6 – 190.4, 7 – 216.2, 8 – 240.5, 9 – 263.5, 10 – 285.2, 11 – 305.7, 12 – 325.0, 13 – 343.2, 14 – 360.5, 15 – 376.7, 16 – 392.0, 17 – 406.5, 18 – 420.2, 19 – 433.1

ప్రతి దూరాన్నీ నట్ కొన (పలకకు నట్ వైపున్న అంచు) నుంచే కొలవండి. ఒక ఫ్రెట్టు నుంచి పక్క ఫ్రెట్టుకు కొలుచుకుంటూ పోతే, గీతకు 0.2 తేడా వచ్చినా 12వ దానికి చేరేసరికి అది 2.4 మి.మీ. దాకా పోగవుతుంది. శ్రుతిలో అది దాదాపు 13 సెంట్లు, స్వరస్థానానికి స్వరస్థానానికి మధ్య ఉండేదే 100. అంత తేడా ఎవరి చెవికైనా తగులుతుంది. ఒక్క గీత విడిగా 0.2 తప్పితే మాత్రం 12వ దగ్గర వచ్చేది 1 సెంటు, దానికి బెంగపడక్కర్లేదు.

కొలతకు చుట్టుటేపు వద్దు, దాని కొక్కెం ఆడుతుంది. 60 సెం.మీ. స్టీలు స్కేలు కావాలి. ఒక అంచును చిత్రికతో నేరుగా తీసి, నట్ కొనను దానికి లంబంగా కోయండి. ఆ కొనకు ఒక చెక్కముక్క ఆనించి బిగించి, స్కేలు సున్నాను దానికి తాకించి, స్కేలు కదలకుండా క్లాంపు వేయండి. 19 గీతలూ పూర్తయ్యేదాకా క్లాంపు విప్పకూడదు. పలక మీద మాస్కింగ్ టేపు అంటిస్తే గీతలు కనబడతాయి. గీయడానికి పెన్సిల్ పనికిరాదు, దాని గీత మందమే అర మిల్లీమీటరు. బ్లేడుతో గీయాలి.

తర్వాత సరిచూడండి. 12 నుంచి 19కి ఉన్న దూరం, నట్ నుంచి 7కి ఉన్న దూరంలో సరిగ్గా సగం ఉండాలి. అలాగే 12–17 మధ్య దూరం నట్–5 దూరంలో సగం. ఈ రెండూ కుదిరితే పెద్ద పొరపాట్లు లేనట్టే.

ఇక రంపం. మనకు కావాల్సిన గాడి వెడల్పు 0.6 మి.మీ. మామూలు వడ్రంగి రంపం చాలా వెడల్పుగా కోస్తుంది, అందులో ఫ్రెట్టు నిలవదు. ఫ్రెట్ల కోసమే అమ్మే సన్న రంపం కొనడం మంచిది. అది దొరక్కపోతే హాక్సా బ్లేడు పళ్ల వంపును రెండు వైపులా నూనెరాయి మీద అరగదీసి వాడొచ్చు. ఏదైనా ముందు వృథా ముక్క మీద కోసి, అందులో ఫ్రెట్టు తీగ కొట్టి చూడాల్సిందే.

నాలుగు సెం.మీ. ఎత్తున్న గట్టి చెక్కదిమ్మను గీతకు నట్ వైపున బిగించి, రంపాన్ని దానికి ఆనించి కోయండి. మొదటి మూడు నాలుగు లాగుళ్లు వెనక్కే, ముందుకు తోస్తే రంపం జారుతుంది. ఇలా కోస్తే ప్రతి గాడి నడిమధ్యా గీత కంటే 0.3 మి.మీ. బ్రిడ్జి వైపుకు పడుతుంది. కంగారు లేదు, అన్నీ ఒకే దిక్కుకు ఒకే లెక్కలో జరిగాయి కాబట్టి చివర్లో నట్ కొన నుంచి 0.3 చిత్రిక పడితే చాలు. దిమ్మను బ్రిడ్జి వైపు పెడితే మాత్రం గాడులు నట్ వైపుకు జరుగుతాయి, అప్పుడు కొనకు చెక్క కలపాలి.

లోతు చూసుకోండి. ఫ్రెట్టు కాలు (గాడిలోకి దిగే భాగం) 1.5 ఉంటే గాడి 2 మి.మీ. రంపానికి పక్కన సన్న చెక్కపట్టీ అతికిస్తే అంతకుమించి దిగదు. లోతు తక్కువైతే కాలు అడుగుకు తగిలి ఫ్రెట్టు పైకి లేచి నిలబడుతుంది. ఎక్కువైతే ఇన్ని గాడులతో పలక బలహీనపడి మెడ వంగే వీలుంటుంది. ఎబొనీ పొడి గాడిలో గట్టిగా పేరుకుంటుంది, పాత టూత్‌బ్రష్‌తో తీస్తూ లోతు కొలవండి.

ఒక గాడి తప్పు చోట పడితే పక్కనే కొత్తది మొదలెట్టకండి, రంపం పాత గాడిలోకే జారిపోతుంది. అదే చెక్క పట్టీని గాడికి సరిపడా పలచగా తీసి ఫెవిక్విక్‌తో నింపి, మర్నాడు సమంగా గీకి, అప్పుడు కోయండి.

కోస్తా ఊళ్లలో వానాకాలపు తేమకు పై పలక, పట్టీలు అతికించే పని ఆపమన్నాం గుర్తుందా? ఈ పనికి ఆ నియమం లేదు. తేమకు చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, నారవెంట దాదాపు కదలదు. కాబట్టి కొలతలు చెడవు. ఫ్రెట్లు కొట్టడం మాత్రం పొడి రోజుల్లోనే. అది వచ్చే పాఠం. అందాకా పలకను రెండు చదునైన చెక్కల మధ్య బిగించి ఉంచండి.