క్వారీలో కళ్లు తిరిగితే అన్నీ ఎండదెబ్బలే కావు

హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో, క్రషర్లలో ఎవరైనా తూలి కూర్చుంటే మేస్త్రి నోట వచ్చే మొదటి మాట, "ఎండదెబ్బ, మజ్జిగ తాగించు." ఏప్రిల్లో నిజమే కావచ్చు. కానీ ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఎక్కడ ఉండగా మొదలైంది, ఎక్కడికి వస్తే తగ్గింది?

ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వికారం; బయటికి రాగానే తేలిక. మూసిన షెడ్డులో జనరేటర్ నడుస్తోందేమో చూడండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. అందర్నీ బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మొద్దు. రక్తానికి పట్టింది ఆక్సిజనో ఈ విషవాయువో అది తేల్చలేదు. గాంధీకి వెళ్లినా ఉస్మానియాకు వెళ్లినా జనరేటర్ సంగతి డాక్టర్‌కు మీరే చెప్పాలి.

బ్లాస్టింగ్ తర్వాత నారింజ రంగు పొగ, గొంతులో మంట. అది నైట్రోజన్ డయాక్సైడ్. అమ్మోనియం నైట్రేట్ 94 పాళ్లు, డీజిల్ 6 పాళ్లు కలిపే పేలుడు మందులో డీజిల్ తగ్గినా, వానాకాలం మందు నింపే హోల్‌లో నీళ్లు దిగి అది తడిసినా ఈ పొగ వస్తుంది. గాలి ఎటునుంచి వీస్తోందో ఆ వైపుకు జరిగి, పొగ పూర్తిగా పోయేదాకా ఆగండి. పీల్చినవాడు "బాగానే ఉన్నా" అంటాడు. ఆ మాట విని ఇంటికి పంపొద్దు, ఆస్పత్రికి పంపండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత మొదలవ్వచ్చు.

చేతులు దురద, సెలవు పెడితే తగ్గి, పనికొస్తే మళ్లీ. పాలిషింగ్ షెడ్లలో గజ్జి అనుకుని ఆయింట్‌మెంట్ రాస్తారు. చాలాసార్లు కారణం రాతి పగుళ్లు పూడ్చే ఎపాక్సీ జిగురులో అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్. ఒక షెడ్డులో దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి, తాగే నీళ్ల పక్కనే పెట్టడం నేను చూశాను. లేబుల్ ఏదంటే, "అందరికీ తెలుసుగా" అన్నారు. కొత్తగా చేరిన కుర్రాడికి ఎలా తెలుస్తుంది? హార్డెనర్‌ను అసలు డబ్బాలోనే ఉంచండి. డబ్బా మీద ఎర్ర అంచు డైమండ్‌లో పుర్రె ఉంటే విషం, చేతిమీద పడుతున్న చుక్కలుంటే చర్మాన్ని తినేసే రసాయనం. అమ్మినవాళ్లను ఎస్‌డీఎస్ (సేఫ్టీ డేటా షీట్, ఆ రసాయనం జాగ్రత్తలు రాసిన కాగితం) అడగండి. అందులో 16 విభాగాలుంటాయి. 2లో ప్రమాదం, 4లో ప్రథమ చికిత్స, 8లో ఏ గ్లవ్స్ వాడాలో రాసి ఉంటుంది. ఈ మూడింటినీ తెలుగులో రాయించి గోడకు అంటించండి. చేతులు థిన్నర్‌తో కడగొద్దు, సబ్బే వాడండి.

కంట్లో పౌడర్ పడి మంట. చప్పుడు లేకుండా రాయిని చీల్చే పౌడర్‌లో ఉండేది ముఖ్యంగా సున్నమే. ఎండ ముదిరితే అది హోల్‌లోంచి పైకి చిమ్ముతుంది. పోశాక తొంగి చూడొద్దు. కంట్లో పడితే కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోసి ఆస్పత్రికి తీసుకెళ్లండి. నిమ్మరసం లాంటివి వద్దు.

పాత సంప్‌లో కుళ్లిన గుడ్డు వాసన, తర్వాత వాసనే లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ పోలేదు, దాని దెబ్బకు ముక్కే మొద్దుబారింది. లోపల ఒకడు పడితే అన్నదమ్ముడైనా సరే వెంట దిగొద్దు. గ్యాస్ మీటరు, శ్వాస పరికరం ఉన్నవాళ్లే దిగాలి.

రాతి దుమ్ముకు వాసనా మంటా ఉండవు. దగ్గు, ఆయాసం ఏళ్ల తర్వాత బయటపడతాయి. ముఖానికి కట్టే రుమాలు దాన్ని ఆపదు, డ్రిల్లింగ్‌లో నీళ్లు వాడాల్సిందే. ఎక్స్‌రే తీయించుకునేటప్పుడు "క్రషర్లో పదేళ్లు చేశాను" అని చెప్పకపోతే ఈ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను టీబీ అనుకుని మందులిచ్చే అవకాశం ఉంది.