మూడు ఊళ్లకు ఒకే మెయిల్ సర్వర్: ఫిర్యాదు వస్తే ముందు ఎక్కడ చూడాలి

కర్నూలులో హెడ్డాఫీసు, తాడిపత్రిలో, కడపలో బ్రాంచీలు. బండల వ్యాపారం అనుకుందాం. సర్వర్ కర్నూలులో పెట్టి అందరూ దాన్నే వాడాలని ప్లాన్. సర్వర్ ఎక్కించడం, అకౌంట్లు తెరవడం, ఎంఎక్స్ రికార్డు (మీ డొమైన్‌కు వచ్చే మెయిళ్లు ఏ సర్వర్‌కు పోవాలో చెప్పేది) పెట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఆ తర్వాత మొదలయ్యే ఫోన్లు మాత్రం ఏ కంపెనీలో చూసినా దాదాపు ఇవే.

బ్రాంచి నుంచి మెయిల్ పోవట్లేదు, హెడ్డాఫీసులో బాగానే ఉంది

అవుట్‌గోయింగ్ పోర్టు 25 అని ఉంటుంది, చూడండి. మామూలు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో దాన్ని చాలాచోట్ల మూసేస్తారు. 25 సర్వర్ల మధ్య వాడేది. స్టాఫ్ కంప్యూటర్లలో 587 లేదా 465 పెట్టి, లాగిన్ తప్పనిసరి చేయండి.

నిన్నటి మెయిళ్లు ఫోన్‌లో మాయం

ఏదో పాత కంప్యూటర్‌లో పాప్ (మెయిళ్లను కంప్యూటర్‌లోకి దించుకునే పాత పద్ధతి) సెట్టింగ్ మిగిలిపోయి, మెయిళ్లు దించుకుని సర్వర్‌లో చెరిపేస్తోంది. ఐమ్యాప్ (మెయిళ్లు సర్వర్‌లోనే ఉంచే పద్ధతి), పోర్టు 993కి మార్చండి.

ఆఫీసు వైఫైలో మెయిల్ తెరుచుకోదు, బయటికెళ్తే వస్తుంది

రౌటర్ లోపలి నుంచి తన పబ్లిక్ ఐపీకే తిరిగి రానివ్వట్లేదు. లోపలి డీఎన్ఎస్‌లో (పేరుకు ఐపీ చెప్పే పట్టికలో) మెయిల్ సర్వర్ పేరుకు సర్వర్ లోకల్ ఐపీ ఇస్తే సరిపోతుంది.

కొన్ని మెయిళ్లు చేరతాయి, కొన్ని స్పామ్‌లో పడతాయి

అసలు తలనొప్పి ఇదే. బెంగళూరు పార్టీకి పొద్దున పంపిన కొటేషన్ అందుతుంది, మధ్యాహ్నం పంపింది స్పామ్‌లో ఉంటుంది. సాయంత్రం మీరు టెస్ట్ చేస్తే నేరుగా ఇన్‌బాక్స్‌కే పోతుంది. ఇక సబ్జెక్టులో మాటలు మారుస్తారు, సంతకం కింద లోగో తీసేస్తారు, డీకిమ్ (మెయిల్‌కు సర్వర్ వేసే డిజిటల్ సంతకం) మళ్లీ మొదటి నుంచి చేస్తారు. హెడర్ (మెయిల్ ఎక్కడి నుంచి, ఏ దారిన వచ్చిందో రాసి ఉండే భాగం) తెరిచి చూసేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు!

స్పామ్‌లో పడిన మెయిల్ హెడరే చూడాలి. మీ టెస్ట్ మెయిల్ హెడర్ ఎన్నిసార్లు చూసినా లాభం లేదు. అవతలివాళ్లది జీమెయిల్ అయితే, కంప్యూటర్‌లో ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, 'షో ఒరిజినల్' పేజీ స్క్రీన్‌షాట్ పంపమనండి. ఫోన్ యాప్‌లో అది దొరకదు. ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో ఏ ఐపీలు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు) అన్న వరుసలో ఒక ఐపీ ఉంటుంది. మీ సర్వర్ ఐపీ 203.0.113.10 అయితే, అక్కడ 198.51.100.7 లాంటి వేరే నంబరు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఆ రెండో నంబరు ఎవరిది? హెడ్డాఫీసులోని రెండో ఇంటర్నెట్ లైనుది. రోడ్డు తవ్వినప్పుడు ఫైబర్ తెగినా బిల్లింగ్ ఆగకూడదని రెండు లైన్లు పెట్టుకుంటారు. వాటిని బిగించినతను రౌటర్‌లో లోడ్ బ్యాలెన్సింగ్ (పనిని రెండు లైన్లకూ పంచడం) ఆన్ చేసి వెళ్లిపోతాడు. బ్రౌజింగ్‌కు అది మంచిదే. సర్వర్ కూడా ఆ రౌటర్ వెనకే ఉంది కాబట్టి దాని మెయిళ్లు ఒకసారి ఈ లైనులో, ఒకసారి ఆ లైనులో పోతుంటాయి. పీటీఆర్ (ఒక ఐపీ ఏ పేరుదో చెప్పే రికార్డు), ఎస్‌పీఎఫ్ మీరు మొదటి లైనుకే పెట్టారు.

ఇది అంత తేలిగ్గా దొరకదు. ఎంఎక్స్ మొదటి లైనునే చూపిస్తుంది కాబట్టి వచ్చే మెయిళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. సర్వర్ లాగ్‌లో కూడా 250 (అవతలి సర్వర్ తీసుకుందని చెప్పే కోడ్), పంపేశాను అనే ఉంటుంది. రౌటర్ ఏ లైను ఎంచుకుందో సర్వర్‌కే తెలియదు. రెండో లైను ఐపీకి పీటీఆర్ అసలే లేకపోతే జీమెయిల్ 5.7.25 ఎర్రర్‌తో తిప్పికొడుతుంది. అదే నయం, కనీసం తెలుస్తుంది. ఐఎస్‌పీ పెట్టిన ఏదో అంకెల పేరు పీటీఆర్‌గా ఉంటే మెయిల్ చప్పుడు లేకుండా స్పామ్‌లోకి పోతుంది.

పరిష్కారం రౌటర్‌లోనే ఉంది. సర్వర్ లోకల్ ఐపీ నుంచి పోర్టు 25కు పోయేదంతా మొదటి లైనులోనే పోవాలని రూల్ రాయండి. ఆ లైను పడిపోతే రెండోదానికి మళ్లనివ్వకండి. మెయిల్ క్యూలో (పంపాల్సిన మెయిళ్ల వరుసలో) ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్ ముట్టుకోకపోతే 5 రోజుల వరకు ప్రయత్నిస్తూనే ఉంటుంది.

ఓనరు ఆలస్యానికి ఒప్పుకోకపోతే రెండో లైనుకూ స్టాటిక్ (మారని) ఐపీ, పీటీఆర్ తీసుకోండి. పీటీఆర్ మీ డొమైన్ ప్యానెల్‌లో పెట్టేది కాదు, ఆ ఐపీ ఇచ్చిన ఐఎస్‌పీని అడగాలి. పీటీఆర్‌లోని పేరును వెతికితే మళ్లీ అదే ఐపీ రావాలి. రెండు ఐపీలూ ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డులో రాయండి. ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండు పెడితే ఏదీ చెల్లదు, ఇది కూడా చాలామంది చేసే పనే. రెండు లైన్లలో ఒక్కదానికీ స్టాటిక్ ఐపీ లేకపోతే సర్వర్‌ను ఆఫీసులో పెట్టే ఆలోచనే మానుకోండి.

మిగతావి

బండల ఫోటోలు పోవట్లేదంటే సైజు చూడండి. మెయిల్‌లో అటాచ్‌మెంట్ మూడో వంతు పెరుగుతుంది, 20 ఎంబీ ఫైలు 25 ఎంబీ పరిమితి దాటేస్తుంది. బ్లాక్‌లిస్టు, సర్టిఫికెట్ గడువు, సర్వర్ గడియారం తప్పడం లాంటివి అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.

రూల్ రాశాక భోజనాల వేళ మొదటి లైను కేబుల్ పీకి, మీ జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపండి. అది క్యూలో ఆగాలి. కేబుల్ పెట్టాక క్యూను ఫ్లష్ చేసి (ఆగినవన్నీ వెంటనే పంపమని చెప్పి), చేరిన మెయిల్ హెడర్‌లో ఐపీ చూసుకోండి.