చలి ముదరకముందే పాత పికప్ ట్రక్కు టైర్ సెన్సార్ల సంగతి చూసుకోండి

అమెరికాలో 2008 మోడల్ నుంచి మామూలు పికప్‌లన్నిటికీ టైర్ ప్రెషర్ హెచ్చరిక తప్పనిసరి. చక్రంలో ఉండే సెన్సార్ బ్యాటరీ 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. అంటే ఆ కాలపు బండ్లలో కంపెనీ సెన్సార్లకు ఎప్పుడో నూకలు చెల్లాయి.

- డ్యాష్‌బోర్డులో టైర్ హెచ్చరిక లైటు వెలగగానే "సెన్సార్ పోయిందిలే" అనుకోవద్దు. ముందు చేతి గేజ్‌తో నాలుగు టైర్లూ కొలవండి. గాలి తక్కువున్న టైరుతో హైవే ఎక్కితే టైరు వేడెక్కి పేలొచ్చు.

- లైటు తీరు గమనించండి. బండి స్టార్ట్ చేయగానే నిమిషం పైగా మిణుకుమని, తర్వాత నిలకడగా వెలిగితే తప్పు సిస్టమ్‌ది. మొదటి నుంచీ నిలకడగా ఉంటే గాలి తక్కువని.

- పొద్దున్నే, బండి కదలకముందు కొలవండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారన్‌హీట్ పడితే టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ చూడండి; టైరు మీద రాసినది గరిష్ఠ పరిమితి.

- కొత్త టైర్లు వేయించేటప్పుడే పాత సెన్సార్లు మార్పించండి. టైరు ఎలాగూ విప్పుతారు, కూలీ కలిసొస్తుంది. ఒకటి చచ్చిందంటే మిగతావీ అదే వయసువి, నాలుగూ మార్చేయడమే మేలు.

- అల్యూమినియం వాల్వ్‌కి ఇత్తడి కోర్ (వాల్వ్ లోపల గాలిని ఆపే చిన్న పిన్ను) వేయనివ్వకండి. రోడ్డు మీద చల్లే ఉప్పుకు రెండూ పట్టేసుకుంటాయి, తర్వాత విప్పబోతే వాల్వ్ విరుగుతుంది. నికెల్ పూత ఉన్నది అడగండి.

- మార్చాక రీలెర్న్ (కొత్త సెన్సార్లను బండి కంప్యూటర్‌కి పరిచయం చేయడం) చేశారా అని అడిగే బయటికి రండి. లేకపోతే బండి కొత్తవాటిని గుర్తుపట్టకపోవచ్చు, లైటూ ఆరదు.

- కొన్ని ట్రక్కుల్లో స్టెప్నీకీ సెన్సార్ ఉంటుంది. అదీ చూడండి.