బిగుసుకుపోయిన పెడల్‌ను ఇంట్లోనే విప్పుకోవడం

సైకిల్ మరమ్మతు సొంతంగా చేసుకుందామని కూర్చున్నవారిని ఎక్కువగా ఏడిపించేది పెడల్. నేను ఒకసారి ఎడమ పెడల్ విప్పడానికి పానాకు ఇనుప గొట్టం తొడిగి అరగంటసేపు బలమంతా పెట్టాను. అది కదలలేదు సరికదా, పానా జారి వేళ్ల కణుపులు పళ్లచక్రానికి కొట్టుకుని చర్మం లేచిపోయింది. అంతసేపూ నేను దానిని బిగిస్తూనే ఉన్నానని తరువాత తెలిసింది.

కుడి పెడల్‌కు మామూలు మర, ఎడమ పెడల్‌కు ఎదురు మర ఉంటాయి. తొక్కేటప్పుడు కాలి బరువు పెడల్ ఇరుసు చుట్టూ తిరుగుతూ దానిని కొద్దికొద్దిగా ఒకవైపుకు జరుపుతుంది కనుక, ఎడమవైపు కూడా మామూలు మరే ఉంటే పెడల్ తనంతట తానే వదులై ఊడివస్తుంది. ఎటు తిప్పాలో సవ్యం, అపసవ్యం అంటూ గుర్తుపెట్టుకోబోతే చేతిలో పానా ఉన్నప్పుడు తికమక తప్పదు. అంతకంటే సులువైన గుర్తు ఒకటుంది: పానాను నిటారుగా పట్టించి, దాని పైకొసను వెనుక చక్రం వైపుకు తిప్పితే రెండు పెడళ్లూ ఊడతాయి, ముందు చక్రం వైపుకు తిప్పితే రెండూ బిగుస్తాయి. లోపలివైపు నుంచి ఆలెన్ కీతో (వంచిన ఆరు పలకల కడ్డీతో) తిప్పినా ఇదే వర్తిస్తుంది. అయితే సైకిల్‌ను తలకిందులుగా నిలబెడితే ఈ గుర్తు కూడా తలకిందులవుతుంది కాబట్టి చక్రాలను నేలమీదే ఉంచండి.

పని మొదలుపెట్టే ముందు చైనును ముందున్న పళ్లచక్రాలలో అన్నిటికంటే పెద్దదానిమీదికి ఎక్కిస్తే పళ్లు కప్పుకుపోయి చేయి తెగదు. చాలా పెడళ్లకు 15 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది. మామూలు పానా మందం వల్ల ఇరుకులో దూరకపోతే పెడళ్ల కోసమే చేసిన పలుచని పొడవాటి పానా వాడాలి. పానాను క్రాంకుకు, అంటే పెడల్ బిగించి ఉండే కడ్డీకి దగ్గరగా, ఇరుకు కోణంలో పట్టించి రెండింటినీ కలిపి పిడికిలితో నొక్కితే, గుంజినప్పటికంటే ఎక్కువ బలం అందుతుంది, చేయి జారే భయమూ ఉండదు.

అప్పటికీ రాకపోతే క్రాంకు వెనుక కనిపించే ఇరుసు కొసమీద తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. క్రాంకు అల్యూమినియందైతే దానిమీద మరిగిన నీళ్లు నెమ్మదిగా పోయండి; అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక మర పట్టు సడలుతుంది. సుత్తి తీయాలనిపించేది ఇక్కడే, కానీ క్రాంకుమీద కొట్టే దెబ్బలు లోపలి బేరింగులకు తగులుతాయి.

తిరిగి బిగించేటప్పుడు ఇరుసుమీద ఉండే ఎల్ (ఎడమ), ఆర్ (కుడి) అక్షరాలు చూసి, మరలు తుడిచి, గ్రీజు రాసి, మొదటి మూడు నాలుగు చుట్లు తప్పనిసరిగా వేళ్లతోనే తిప్పాలి. వేళ్లకు లొంగకపోతే మర అడ్డంగా పట్టినట్టే. వెంటనే వెనక్కు తిప్పి మళ్లీ మొదలుపెట్టకపోతే ఉక్కు ఇరుసు మెత్తని అల్యూమినియం మరలను కోసేస్తుంది, అప్పుడు మార్చవలసింది క్రాంకునే.