ల్యాప్‌టాప్ వైఫై యాంటెన్నా మార్చాను: నా అనుభవం

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ల్యాప్‌టాప్‌తో రూటర్ పక్కన కూర్చుంటేనే వైఫై, వసారాలోకి వస్తే పోయేది. అక్కడే ఫోన్‌కి సిగ్నల్ నిండుగా ఉండేది. డ్రైవర్, రూటర్ ఛానల్, చివరికి వైఫై కార్డు కూడా మార్చి చూశాను, లాభం లేదు.

స్క్రీన్ కదిపినప్పుడల్లా సిగ్నల్ పడిపోవడం చూశాక అసలు సంగతి తట్టింది. నా మోడల్‌లో యాంటెన్నాలు స్క్రీన్ పైఅంచులో ఉంటాయి. వాటి సన్నటి వైర్లు కీలు గుండా కార్డు దాకా వస్తాయి. ఒకటి కీలు దగ్గరే నలిగిపోయింది.

ముందు షట్‌డౌన్ చేసి, వెనక మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ పీకాను. వైర్లు వెళ్లే దారిని ఫోటో తీసుకున్నాను, ఇది మాత్రం మానకండి. స్క్రీన్ చుట్టూ ఉన్న ఫ్రేమ్‌ని పాత ఏటీఎం కార్డుతో కొంచెం కొంచెంగా లేపాను. పాత యాంటెన్నా ఊడదీసి, కొత్తది అదే చోట అంటించి, కీలు స్క్రూలు వదులు చేసి వైరును పాత దారిలోనే పరిచాను. కీలు దగ్గర కాస్త వదులు ఉంచాలి, బిగుతైతే మళ్లీ తెగుతుంది.

అసలు కష్టం వైఫై కార్డుకి వైరు తగిలించడం దగ్గరే. ఎం.2 అనే కొత్త రకం కార్డులకు సాధారణంగా ఎంహెచ్ఎఫ్4 అనే బుల్లి కనెక్టర్ (వైరు చివర ఉండే గుండ్రటి బొత్తాం లాంటిది), పాత మినీ పీసీఐ రకం కార్డులకు అంతకన్నా పెద్దది. మీ కార్డు ఏ రకమో చూసి యాంటెన్నా కొనండి. కనెక్టర్‌ని కార్డు మీది పిన్నుకి సరిగ్గా పైన నిలిపి, గోటితో నిటారుగా నొక్కితే టిక్‌మంటుంది. పక్కకి ఒత్తితే వంగిపోతుంది. మూత బిగించే ముందు స్క్రీన్ నాలుగైదుసార్లు తెరిచి మూసి చూశాను.

ఇప్పుడు అరుగు మీద కూడా సిగ్నల్ నిలకడగా ఉంది. అద్దం అంటించిన టచ్‌స్క్రీన్ మోడళ్లకు ఈ పద్ధతి కుదరకపోవచ్చు.